గంగకూ చామంతికీ ఒకే విశేషణమా?

ప్రశ్న – గ్రూప్స్ అభ్యర్థి
ఇంతకాలం తెలుగు మాధ్యమంలోనే చదివాను. ఈ ఏడాది ఇంగ్లీషు పుస్తకాలు మొదలుపెడితే ‘పెరెన్నియల్’ దగ్గర చిక్కుపడ్డాను. భూగోళంలో గంగ పెరెన్నియల్, అంటే జీవనది. వృక్షశాస్త్రంలో అదే మాటకు బహువార్షికం అని ఉంది. పేపరు తెరిస్తే, వానకు రోడ్లు మునగడం పెరెన్నియల్ సమస్య అట! అన్నిటికీ కలిపి ‘శాశ్వతం’ అని రాసుకోవచ్చా?

జవాబు – పాత విద్యార్థి
నిఘంటువులో నిత్యం, శాశ్వతం అనే ఉంది. పరీక్షకు అది చాలు.

జవాబు – కడియం నర్సరీ
చాలదండీ. శాశ్వతం అని చెప్పి మొక్కలు అమ్మితే మర్నాడే గొడవకు వస్తారు.

ఈ మాట లాటిన్‌ది. పెర్ అంటే పొడవునా, అన్నుస్ అంటే సంవత్సరం. నదికి వాడేది ఈ అసలు అర్థంలోనే. హిమాలయాల మంచు కరిగి వేసవిలోనూ పారుతుంది కనుక గంగ ఆ కోవలో చేరింది. గోదావరిని మేమూ జీవనది అనే అంటాం. కానీ పైన సీలేరు నుంచి నీళ్లు వదిలితే గాని డెల్టాలో రబీ వరి గట్టెక్కదు. పాఠ్యపుస్తకం దాన్ని వర్షాధార నదుల్లో వేసిందంటే కోప్పడి లాభం లేదు.

మొక్కల దగ్గర లెక్క వేరు. రెండేళ్లకు మించి బతికేదే బహువార్షికం. బంతి పూసి, విత్తనం కట్టి, ఎండిపోతుంది, అది ఏకవార్షికం. చామంతి పూత అయ్యాక కొమ్మలను నేలకు జానెడు ఎత్తున కత్తిరించండి, మొదట్లోంచి పిలకలు లేస్తాయి. మేము కొత్త మొక్కలు కట్టేది ఆ పిలకలతోనే. ఊరిని బట్టి కూడా మారుతుంది: మన పెరట్లో ఏళ్ల తరబడి పూసే బిళ్ళగన్నేరు చలిదేశాల్లో ఒక్క వేసవి మొక్క.

సమస్యకు వాడినప్పుడు పోయినట్టే పోయి మళ్లీ వచ్చేది అని. ఎప్పుడూ కదలకుండా ఉండేదానికి పర్మనెంట్ ఉంది. టేకు మంచం మూడు తరాలు మన్నితే అది డ్యూరబుల్. మంచాన్ని పెరెన్నియల్ అనకండి, చిగురేస్తుందని ఎదురుచూస్తారు!

జవాబు – కార్మిక సంఘం గుమాస్తా
కోర్టు కాగితాల్లోనూ ఈ మాట ఉంది. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం 10వ సెక్షన్‌లో, ఏదైనా పనిలో కాంట్రాక్టు కూలీని నిషేధించే ముందు ప్రభుత్వం చూడవలసిన అంశాల్లో, ఆ పని పెరెన్నియల్ స్వభావం గలదా అన్నది ఒకటిగా ఉండేది (2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది). అంటే నిరంతరం సాగే పనా అని. వీధులు ఊడ్చే పని ఏ నెలలో ఆగుతుంది? పని పెరెన్నియల్, చీపురు పట్టిన మనిషి మాత్రం పర్మనెంట్ కాదు. మేము రాసే అర్జీలన్నీ ఈ రెండు మాటల మధ్యే నలుగుతుంటాయి.

ప్రశ్న – గ్రూప్స్ అభ్యర్థి
అందరికీ ధన్యవాదాలు. నర్సరీ గారూ, అరటి గెల కొట్టాక చెట్టు పోతుంది కదా, మరి అది ఏకవార్షికమా?

జవాబు – కడియం నర్సరీ
కాదండీ. మీకు కాండంలా కనిపించేది ఆకుల మట్టలు ఒకదాని మీద ఒకటి చుట్టుకున్న బోదె. అసలు కాండం నేలలో దుంపగా ఉంటుంది. గెల వేసిన బోదె చచ్చినా పక్కనుంచి పిలక లేస్తుంది. బహువార్షికమనే రాయండి.