నేవీ ఓడ కనిపించగానే ఫొటో తీసి పెట్టేయొచ్చా?

తీరం_లెన్స్:
వైజాగ్‌లో నేవీ ఓడలు, హెలికాప్టర్ల ఫొటోలు తీయడమంటే నాకు ప్రాణం. 1971లో కరాచీ మీద దాడికి గుర్తుగా డిసెంబర్ 4న నేవీ డే జరుపుతారు కదా, ఆర్కే బీచ్‌లో విన్యాసాలు పెడితే మధ్యాహ్నం నుంచే ఇసుకలో చోటు పట్టేస్తా. మన సముద్రం తూర్పున ఉండటంతో సాయంత్రం ఎండ వెనక నుంచి వచ్చి నేరుగా ఓడల మీద పడుతుంది, ఆ వెలుతురు అద్భుతం. అయితే మామూలు రోజుల్లో డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కగా హార్బర్ దాటి వెళ్లే ఓడల్ని కూడా తీసి అప్పటికప్పుడే పెడుతుంటా. ఒకాయన దేశభద్రత అంటూ తీసేయమన్నారు. బీచ్‌లో నిల్చున్న ఎవరికైనా కనిపించేదాంట్లో రహస్యం ఏముంది?

కొండగాలి:
తప్పేం లేదన్నా. ఉపగ్రహాలు రేవులన్నీ తీస్తూనే ఉన్నాయి, డబ్బు పెడితే ఆ చిత్రాలు కొనుక్కోవచ్చు కూడా. నువ్వొక్కడివి ఆపితే ఏం ఒరుగుతుంది?

నావికుడి_ఇల్లాలు:
ఎంత తొందరగా తెలుస్తుందన్నదే అసలు సంగతి బాబూ. ఉపగ్రహం ఎప్పుడూ మన రేవు మీదే ఉండదు, మబ్బు పడితే మామూలు కెమెరాకి కింద ఏమీ కనపడదు. మీ ఫొటోలో ఓడ పక్కన నంబరు ఉంటుంది, దాన్నిబట్టి ఏ ఓడో తెలుస్తుంది, పోస్ట్ టైమ్‌ని బట్టి ఎప్పుడు బయల్దేరిందో తెలుస్తుంది, పదిమంది పెట్టినవి కలిపి చూస్తే ఏవేవి కలిసి వెళ్లాయో కూడా. ఎటు వెళ్తున్నదీ మా ఆయన నాకే చెప్పరు, నేను అడగను. అలాంటిది ఆ ఓడ అప్పుడే ఫేస్‌బుక్‌లో కనిపిస్తే ఎంత టెన్షనో ఆలోచించండి.

టెలిలెన్స్:
2008 ముంబయి దాడులప్పుడు టీవీల్లో లైవ్ చూస్తూ పాకిస్తాన్‌లో కూర్చున్నవాళ్లు ఇక్కడి ఉగ్రవాదులకి ఫోన్లో సూచనలిచ్చారు, 2012లో కసబ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఆ ప్రసారాల్ని గట్టిగా తప్పుపట్టింది. ఆ కెమెరాలూ రోడ్డు మీద నుంచి అందరికీ కనిపించేదే తీశాయి. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత సైనిక కదలికల్ని లైవ్‌లో చూపొద్దని కేంద్రం చెప్పినప్పుడు సోషల్ మీడియా వాడేవాళ్లని కూడా కలిపే చెప్పింది. నేనూ ఇవే ఫొటోలు తీస్తా, కాబట్టి మానేయమని అనను. నేవీ డే విన్యాసాలు జనం చూడాలనే చేస్తారు, మార్కోస్ అనే నేవీ కమాండోలు హెలికాప్టర్ నుంచి తాడు పట్టుకుని దిగుతుంటే తీసి అక్కడికక్కడే పెట్టుకోండి. మామూలు రోజు రేవు దాటే ఓడ మాత్రం మనకి చూపించడానికి వెళ్లట్లేదు.

తీరం_లెన్స్:
సరే, మరి అలాంటి ఓడ ఫొటో పెట్టకుండా ఎన్నాళ్లు ఆపాలి? ఓడ ఎప్పుడు తిరిగొస్తుందో మనకెలా తెలుస్తుంది?

టెలిలెన్స్:
తెలియదు కాబట్టే నేను నెలల తరబడి ఆపుతా, పెట్టేముందు ఫొటోలోంచి లొకేషన్, టైమ్ తీసేస్తా. సరిహద్దులో గొడవలున్న రోజుల్లో అసలు పెట్టను.

కొండగాలి:
ఇది మీ మంచితనం, నియమం కాదు. నిషిద్ధ ప్రాంతం అని బోర్డున్న చోట తీయకూడదు, ఒప్పుకుంటా. మిగతా చోట్ల ఏది పెట్టొచ్చో, ఎన్నాళ్లాగాలో మామూలు జనానికి అర్థమయ్యేలా ఎవరైనా రాసి చెప్పాలి, లేకపోతే 1923 నాటి అధికార రహస్యాల చట్టం పేరు చెప్పి కెమెరా పట్టుకున్న ప్రతివాడినీ బెదిరిస్తారు.