‘తమ తమ నెలవులు దప్పిన’: నెలవంటే సొంతూరేనా?

(చెన్నై తెలుగువాళ్ల సంభాషణ ఇది. పేర్ల బదులు వాళ్ల పేటలు ఇచ్చాం.)

విల్లివాక్కం: ఎనిమిదో తరగతి తెలుగు పిల్లలకు వక్తృత్వ పోటీ. అంశం ‘సొంతూళ్లో ఉంటే సుఖమా, కష్టమా’. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. సుఖానికి ‘కమలములు నీట బాసిన’ పద్యం, కష్టానికి ‘పెరటి చెట్టు మందుకు పనికిరాదు’ సామెత ఇద్దామనుకుంటున్నాం. పద్యం ఒక్కోచోట ఒక్కోలా ఉంది, సరైన పాఠం చెప్పగలరా? ఇంకో సందేహం. చెన్నైలోనే పుట్టిన పిల్లలు సొంతూరు ఏదని చెప్పాలి?

పెరంబూరు: సుమతీ శతకంలోని ఆ పద్యం ఇదండీ.

కమలములు నీట బాసిన
కమలాప్తుని రశ్మి సోకి కమలిన భంగిన్
తమ తమ నెలవులు దప్పిన
తమ మిత్రులె శత్రులౌట తథ్యము సుమతీ

తేడా వచ్చేది రెండో పాదంలో. ‘కమలాప్తు రశ్మి’ అని రాస్తే కంద పద్యం నడక కుంటుతుంది. ఆ పాదానికి ఐదు గణాలు, గణానికి నాలుగేసి మాత్రలు (లఘువు, అంటే పొట్టి అక్షరం ఒక మాత్ర, గురువు రెండు), మొత్తం 20 రావాలి. విడగొట్టి చూడండి: కమలా / ప్తుని ర / శ్మి సోకి / కమలిన / భంగిన్. పక్కన ‘శ్మి’ ఉంది కాబట్టి ‘ర’ గురువు. మూడో గణం జగణమో (లఘువు, గురువు, లఘువు) నలమో (నాలుగు లఘువులు) అయి తీరాలి, ‘శ్మి సోకి’ జగణమే. ‘ని’ తీసేస్తే 19 మాత్రలే మిగులుతాయి, అక్కణ్ణుంచి గణాలన్నీ పక్కకు జరిగిపోతాయి. యతి (పాదం మొదటి అక్షరంతో పొత్తు) ‘కమలాప్తుని’కీ ‘కమలిన’కీ. చదివేటప్పుడు పిల్లలు ‘సోకి’ తర్వాత ఆగాలి. ‘కమలాప్తుని’ దగ్గర ఆగితే నడక పోతుంది.

మైలాపూరు: అర్థం కూడా చెబుతాను. కమలాప్తుడంటే కమలాలకు ఆప్తుడు, సూర్యుడు. ‘కమలిన’ అన్నది ‘కమలు’ అనే క్రియ నుంచి వచ్చింది, వాడడం, మాడడం. ‘ఎండకు మొహం కమిలిపోయింది’ అని ఇప్పటికీ అంటాం కదా, ఆ మాటే. కమలం, కమలాప్తుడు, కమలిన అని వరసగా పేర్చడంలోనే పద్యం అందమంతా ఉంది. పిల్లలకు దీన్ని పూవుతోనే చూపించొచ్చు. కోయంబేడు పూల మార్కెట్లో తామరలు మొగ్గలుగానే దొరుకుతాయి. కోసిన మొగ్గ తనంతట తాను విచ్చుకోవడం తక్కువ, అందుకే పూజకు రేకులు ఒక్కొక్కటీ వేలితో వెనక్కి మడుస్తారు. కాడను అడ్డంగా కోసి చూపించండి, లోపల గాలి గొట్టాలు కనబడతాయి. ఎండకు రేకుల్లోంచి నీరు పోతూనే ఉంటుంది, కింది నుంచి వచ్చేది ఆగిపోతుంది. చెరువులో ఉన్నప్పుడు పూయించిన ఎండే ఇప్పుడు మాడుస్తుంది. సూర్యుడు మారలేదు, నీరు పోయింది.

అంబత్తూరు: అర్థం బాగుంది గానీ, దీన్ని ‘సొంతూరు వదలొద్దు’ అనే వాదానికి వాడితే పద్యానికి అన్యాయం. ‘నెలవు’ అంటే పుట్టిన ఊరని ఎవరన్నారు? చోటు, ఉనికిపట్టు అని అర్థం. ‘నెలకొను’ అనే క్రియ ఉంది, కన్నడంలో ‘నెలె’ అన్నా నివాసమే. పత్రికల్లో ‘వలస పక్షులకు నెలవు’ అని రాస్తారు, ఆ పక్షులు అక్కడే పుట్టాయని కాదు కదా. ఇక ‘తప్పిన’ చూడండి. దారి తప్పాడు, వరస తప్పింది, లయ తప్పింది అంటాం. పట్టు జారిపోవడమన్నమాట. ఊరు మారడం వేరు, నెలవు తప్పడం వేరు. పుట్టిన వీధిలోనే ఉంటూ నెలవు తప్పినవాళ్లు ఉంటారు, మూడు తరాల కింద వచ్చి ఇక్కడ నెలకొన్నవాళ్లూ ఉంటారు.

టి.నగర్: సామెత సంగతి. దీన్ని చేతకానివాణ్ణి ఎత్తిపొడవడానికి వాడేస్తున్నారు, పిల్లలకు ఆ అర్థం చెప్పకండి. చెట్టులో గుణం ఉంది, రోజూ చూసే కళ్లకే దానిమీద గురి లేదు. తులసి, వేప, మునగ పెరట్లోనే ఉంటాయి, దగ్గు వస్తే మాత్రం మందుల షాపుకు పరిగెడతారు. సొంతూళ్లో ఉండే చిక్కుల్లో సగం ఇందులోనే ఉన్నాయి. టైలరు కుట్టుకూలి గట్టిగా అడగలేడు. ట్యూషన్ మాస్టారి ఫీజు ‘మనవాడే కదా’ అని వచ్చే నెలకు పోతుంది. నలభై ఏళ్లొచ్చిన డాక్టరు ఇంకా ‘ఫలానా వారి చిన్నబ్బాయే’. మరి పొరుగూరు నుంచి వచ్చిన డాక్టరుకు ఆ బాధ లేదు, కానీ ఇల్లు అద్దెకు కావాలన్నా, అర్ధరాత్రి అవసరం పడినా ఆయన్ని ఎరిగినవాళ్లు ఉండరు. పిల్లలు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెబితే చాలు, మూడు నిమిషాలు ఇట్టే అయిపోతాయి.

‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ కూడా వాడతారేమో, ఒక జాగ్రత్త. ఇక్కడ రచ్చ అంటే గొడవ కాదు, రచ్చకట్ట, నలుగురూ కూడే చోటు.

పెరంబూరు: సుమతి పద్యాల్లోనే ఇంకోటి ఉంది, ‘చొప్పడిన యూర నుండుము’ అని. అప్పిచ్చేవాడు, వైద్యుడు, ఎడతెగక పారే ఏరు, ద్విజుడు, ఈ నాలుగూ ఉన్న ఊళ్లో ఉండు, లేని ఊరికి పోకు అంటాడు. పుట్టిన ఊరా కాదా అన్న ఊసే లేదు! ఏరు లెక్కన చెన్నై తప్పినట్టే. కూవం, అడయారు జీవనదులు కావు. నగరానికి కృష్ణ నీళ్లు ఆంధ్రలోని కండలేరు జలాశయం నుంచి కాలువలో ఇక్కడి పూండి జలాశయానికి రావాలి. ఆంధ్రతో 1983లో చేసుకున్న ఒప్పందంలో ఏడాదికి రాసుకున్నది 12 టీఎంసీలు. అప్పిచ్చేవాళ్లకు మాత్రం కొదవ లేదు లెండి.

విల్లివాక్కం: అయితే పద్యాన్ని సుఖం వైపు కట్టేయకూడదన్నమాట. మరి రెండో ప్రశ్న? బళ్లో తమిళ పిల్లలు ‘సొంద ఊర్ ఎదు’ అని అడిగితే మన పిల్లలు తడబడుతున్నారు.

అంబత్తూరు: తడబడక్కర్లేదండీ. తమిళంలో ఆ ప్రశ్నకు పూర్వీకుల ఊరు చెప్పడం వాడుక, మన ‘సొంతూరు’ కూడా అలాగే వాడుతున్నాం. అందుకే రెండు మాటలు విడిగా నేర్పండి. ‘మా పెద్దలది ఫలానా ఊరు, మాది చెన్నై.’ 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు మద్రాసు అందులో లేదు. ఇక్కడి తెలుగువాళ్లు ఉన్న ఇంట్లోనే ఉన్నారు, రాష్ట్రాల సరిహద్దు గీత మాత్రం ఇవతల పడింది. వాళ్ల నెలవు తప్పిందా? తప్పలేదనే నేనంటాను. పోతే, రాతలో ‘సొంతూరు’ అనే రాయించండి. సొంత, ఊరు కలిసి అత్వసంధి. ‘స్వంత’ వాడుకలో ఉంది గానీ కొందరు ‘స్వాంత’ అని దీర్ఘం కూడా ఇస్తున్నారు. స్వాంతమంటే మనసు, అది వేరే మాట.

మైలాపూరు: విల్లివాక్కం గారూ, ఒక్కటి మరిచిపోకండి. కొందరు పిల్లలు పద్యాన్ని తమిళ లిపిలో రాసుకుని కంఠస్థం చేస్తారు. అందులో త, ద రెండింటికీ ఒకే అక్షరం, ప, బలకూ అంతే. ‘నీట పాసిన’, ‘నెలవులు తప్పిన’ అని చదివేస్తారు. నీటన్ పాసిన అన్నది ద్రుతం (చివరి ‘న్’) వల్ల ‘నీట బాసిన’ అయింది, సరళాదేశం. నెలవులు తప్పిన అన్నది ‘నెలవులు దప్పిన’ అయింది, గసడదవాదేశం. తెలుగు లిపి రానివాళ్లకు ఈ రెండు చోట్లా ఎర్ర సిరాతో సున్నా చుట్టించి, నోటితో పదిసార్లు అనిపించండి.