అప్‌డేట్: పాపకి సీపీ ఛైర్ వచ్చింది

సెరిబ్రల్ పాల్సీ (సీపీ, మెదడు దెబ్బతిని కదలికలు అదుపులో ఉండని స్థితి) ఉన్న ఏడేళ్ల మా పాపకి వీల్‌ఛైర్ కోసం విరాళాలు ఎలా సేకరించాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. పనిచేసింది మాత్రం భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) కనుక్కోమన్న మాట. సమగ్ర శిక్ష (ప్రభుత్వ పాఠశాల విద్యా పథకం), అలింకో (దివ్యాంగుల పరికరాలు తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) కలిసి పెట్టే కొలతల క్యాంపుకి అక్కడి ఫిజియోథెరపిస్టే పేరు రాయించారు. ఛైర్ ఉచితంగా వచ్చింది. వైకల్యం 40 శాతానికి తగ్గదని చూపే సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వ వైకల్య ధ్రువపత్రం), ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, ఫొటోలు ముందే సిద్ధంగా ఉంచుకోండి.

మేం కొందామనుకున్న మామూలు మడత వీల్‌ఛైర్ వద్దని ఫిజియోథెరపిస్టు అన్నారు. గుడ్డ సీటు మధ్యలో కుంగితే తుంటి ఒక పక్కకి ఒరిగిపోతుంది, దాంతో వెన్ను కూడా వంగుతుంది. సీటు గట్టిగా ఉండాలి, తుంటికి అటూ ఇటూ ఎక్కువ ఖాళీ ఉండకూడదు, సీటు అంచుకీ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు వేళ్లు పట్టాలి. కొలతలు తీశాక ఛైర్ చేతికి రావడానికి నెలలు పట్టొచ్చు, ఈలోగా పిల్లలు ఎదుగుతారు. ఫుట్‌రెస్ట్ సర్దుకునేలా ఉందో లేదో తప్పకుండా అడగండి.

ఆన్‌లైన్ విరాళాల పేజీ అవసరం పడలేదు. పక్క దిండ్లకి, ఛాతీ బెల్టుకి మాత్రం బంధువులు సాయం చేశారు. కొటేషన్ పంపి, డబ్బు నేరుగా దుకాణానికే కట్టమంటే ఎవరికీ సందేహం ఉండదు. సలహాల్లో వచ్చిన బ్యాటరీ ఛైర్ మాట మా పాపకి వర్తించలేదు, తనకి తల ఇంకా నిలవడం లేదు.

దివ్యాంగులకి పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకంలో 12 ఏళ్లలోపు పిల్లలు ఏడాది తర్వాత అదే పరికరానికి మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు.