ద్రాక్షకు సుగంధ నూనెలు: రాగి, గంధకం మానేయవచ్చునా?

హన్మకొండ రైతు:
నాకు అర ఎకరం ద్రాక్ష పందిరి ఉంది. వాము నూనె, నిమ్మగడ్డి నూనె కొడితే తెగుళ్లకు వేరే మందే అక్కరలేదని ఒక మిత్రుడు గట్టిగా చెబుతున్నారు. అక్టోబరు కత్తిరింపు తర్వాత రాగి, గంధకం రెండూ మానేయవచ్చునా?

నర్సంపేట రైతు:
అన్నగారూ, ఏ తెగులుకు అన్నది ముందు తేల్చుకోవాలి. బూడిద తెగులు శిలీంధ్రం ఆకు పైపొర మీదే పాకుతూ, ఆహారం పీల్చుకునే తంతువులను మాత్రమే లోపలికి దింపుతుంది కాబట్టి, వాము నూనెలోని థైమాల్, లవంగ నూనెలోని యూజెనాల్ దానికి నేరుగా తగిలి కణపొరను దెబ్బతీయగలవు. బూజు తెగులు ఆకు లోపల పెరిగి, పత్రరంధ్రాల గుండా అడుగున తెల్లని నూగులా బయటికి వస్తుంది. ఆ నూగు కంటబడేసరికి తెగులు నూనె అందని లోతుకు చేరి ఉంటుంది. బూడిదకు కొట్టే గంధకం పనిని నూనె కొంత చేయగలదు, బూజుకు కొట్టే రాగి పనిని చేయలేదని నా అభిప్రాయం.

పరకాల రైతు:
తెగులు సంగతి ఒప్పుకుంటాను గానీ, రాగిని అంత తేలికగా సమర్థించలేను. 1885లో ఫ్రాన్సులో మిల్లార్దె అనే వృక్షశాస్త్రవేత్త బోర్డో మిశ్రమాన్ని (మైలుతుత్తం, సున్నం నీళ్లలో కలిపిన రాగి మందు) వెలుగులోకి తెచ్చినప్పటి నుంచి ద్రాక్షతోటలలో కొట్టిన రాగి ఎక్కడికీ పోలేదు, నేలలోనే పేరుకుంది. అందుకే ఐరోపా సమాఖ్య హెక్టారుకు 7 ఏళ్లలో 28 కిలోలు మించరాదని కట్టడి చేసింది. నూనె త్వరగా ఆవిరైపోవడం లోపమని అందరూ అంటారు, కోత దగ్గరపడ్డ గెలల మీద నాకు కావలసినది సరిగ్గా అదే.

నర్సంపేట రైతు:
కోత ముందు మాట న్యాయమైనదే, అక్కడ నాకు అభ్యంతరం లేదు. నా భయమంతా కొట్టే తీరు గురించి. నేను ఒకసారి 16 లీటర్ల ట్యాంకులో నూనెను ఎమల్సిఫయర్ (నూనె నీళ్లలో కలిసేలా చేసే పదార్థం) లేకుండానే పోశాను. కింది నీళ్లు ముందు అయిపోయి, పైన తేలిన నూనె అంతా చివరి వరుస మీద పడింది. మూడో రోజుకు ఆ తీగల ఆకుల అంచులు కాఫీపొడి రంగుకు మాడిపోయాయి, ముందు వరుసలలో బూడిద మాత్రం చెక్కుచెదరలేదు. గంధకం కొట్టిన రెండు వారాల లోపు నూనె కొట్టినా ఆకు మాడే ప్రమాదం ఉంది. హన్మకొండ అన్నగారు మొదట ఒక్క వరుసకు, ఎండ తగ్గాక, కొట్టి చూడాలి. వాన ముసురు పట్టే సూచన ఉంటే మాత్రం, ఆకు అడుగు కూడా తడిసేలా, ముందే బోర్డో కొట్టి ఉంచాలి.