కథనూ చిత్రాన్నీ ఒకే భవనంలో ఎలా కలపాలి?

ఆర్కిటెక్చర్ కోర్సులో భాగంగా, రద్దీ నుంచి ఏకాంతంలోకి నడిచే ఒక స్త్రీ కథనూ, ఖాళీ ఆవరణలో పొడవాటి నీడలు పరుచుకున్న ఒక వర్ణచిత్రాన్నీ ఆధారంగా చేసుకొని నేను చిన్న గ్రంథాలయాన్ని రూపొందిస్తున్నాను. 1938లో ఇటలీ ఆర్కిటెక్టులు తెరాన్యి, లింగెరి రోమ్ కోసం రూపొందించిన, చివరికి నిర్మాణానికి నోచుకోని స్మారక భవనం దాంతెయుమ్‌లో, ఇటలీ కవి డాంటే ‘డివైన్ కామెడీ’ కావ్యంలోని ప్రయాణం వంద స్తంభాల అడవి మొదలుకొని గాజు స్తంభాల స్వర్గం వరకు గదుల వరుసగా మారింది. కథ విషయంలో ఆ మార్గం నాకు సరిపోతుంది.

చిక్కంతా చిత్రంతోనే. అందులోని వెలుతురు ఒక్క క్షణానిది. భవనంలో నీడలు మాత్రం సూర్యుడితో పాటు కదులుతాయి. చిత్రంలోని ఆకారాలను ముఖభాగంపై దించడం నాకు అలంకారంగానే తోస్తోంది. కథను గదుల అమరికను చూపే ప్లాన్‌కూ, చిత్రాన్ని భవనపు నిలువు కోతను చూపే సెక్షన్‌కూ, కిటికీల దిశకూ పరిమితం చేయడం సమంజసమేనా? ఇలాంటి పని చేసినవారు మొదట నమూనా కట్టి వెలుతురును పరీక్షించారా, లేక నడక మార్గాన్ని ముందుగా ఖరారు చేసుకున్నారా, దయచేసి తెలుపగలరు.