విస్ 35 పిస్టల్: జర్మన్ ముద్ర లేనంత మాత్రాన పోలిష్ రహస్య సైన్యానిదేనా?

రాడోమ్35: వేలానికి వచ్చిన ఒక విస్ (పోలండ్ సైనిక పిస్టల్) గురించి. స్లైడ్ మీద "ఎఫ్.బి. రాడోమ్", కింద జర్మన్లు దానికి పెట్టిన పేరు "పి.35", బ్రాకెట్లో చిన్న "పి" ఉన్నాయి. వాఫెన్‌ఆమ్ట్ (జర్మన్ సైన్యపు ఆయుధ విభాగం) తనిఖీ ముద్ర స్లైడ్, ఫ్రేమ్ మీద ఎక్కడా లేదు. జర్మన్లపై పోరాడిన పోలిష్ ప్రతిఘటన దళాలదని, అంటే రహస్య సైన్యానిదని అమ్ముతున్నారు. నమ్మొచ్చనే అంటాను. 1939లో పోలండ్‌లోని రాడోమ్ ఫ్యాక్టరీ జర్మన్ల చేతికి పోయాక కార్మికులు భాగాలను దొంగచాటుగా బయటికి చేర్చారు. అందుకే 1942 అక్టోబరులో కొందరిని బహిరంగంగా ఉరితీశారు. అలా బయటపడ్డ భాగాలకు ముద్ర ఎలా పడుతుంది?

స్లైడ్‌స్టాప్: ముద్ర పోవడానికి ఇంకో దారి ఉందండి. యుద్ధం తర్వాత సానబట్టి మళ్లీ బ్లూయింగ్ (ఉక్కుకు నల్లటి పూత) చేస్తే మొదట పోయేవి లోతు తక్కువ ముద్రలే. స్లైడ్ అంచులు గుండ్రబడ్డాయా, అక్షరాలు ఒకచోట లోతుగా, మరోచోట పలచగా ఉన్నాయా చూడండి. ఉంటే ఆ కథ అక్కడే బలహీనపడుతుంది.

అసలు తేల్చేది బ్యారెల్. ప్రతిఘటన దళాలకు అందకూడదనే జర్మన్లు బ్యారెళ్ల తయారీని ఆస్ట్రియాలోని స్టయర్ ఫ్యాక్టరీకి మార్చారు. రహస్య సైన్యం వార్సాలో సొంతంగా బ్యారెళ్లు చేసుకోవాల్సి వచ్చింది. స్టయర్ బ్యారెల్ మీద గద్ద బొమ్మతో జర్మన్ తనిఖీ ముద్ర స్పష్టంగా ఉంటే "రహస్యంగా కూర్చిన పిస్టల్" అనడానికి ఆధారం ఏమిటి?

వార్సా_44: బ్యారెల్ తర్వాత మార్చి ఉండొచ్చుగా? కార్మికులు ఒకే సీరియల్ నంబరు రెండు పిస్టళ్లకు కొట్టి, ఒకటి బయటికి పంపేవారన్న మాట కూడా ఉంది.

స్లైడ్‌స్టాప్: ఆ మాట రుజువు కావాలంటే రెండు పిస్టళ్లూ పక్కపక్కన ఉండాలి. జర్మన్ల కాలంలో సీరియల్ నంబరు అంకెల ముందు ఒక అక్షరం ఉండేది. అక్షరం మారితే అవే అంకెలు మళ్లీ వస్తాయి. అక్షరం అరిగిపోయిన నంబరును "జంట నంబరు" అనుకోవడం చాలా తేలిక.

రాడోమ్35: మరి 1944 చివర స్టయర్‌లో కూర్చినవి?

స్లైడ్‌స్టాప్: వాటి స్లైడ్ మీద రాడోమ్ పేరుండదు, స్టయర్‌ను సూచించే "బి.ఎన్.జెడ్" కోడ్ మాత్రమే. ఫినిషింగ్ గరుకు, విప్పదీసే లివరూ ఉండదు. మీరు చెప్పినది వాటిలోది కాదు. ఛాంబర్ ఖాళీ అని చూశాక బ్యారెల్ విప్పించి, దాని అడుగుభాగం, లగ్గులు (స్లైడ్‌లో ఇరుక్కునే గట్లు), ఫ్రేమ్ నంబరు దగ్గరగా ఫొటోలు అడగండి. అవి రాకముందు ప్రతిఘటన పేరుతో అదనపు ధర కట్టకండి.