సమస్య: చీరఁ గట్టె రాముఁ డూరు విడిచి

నిర్వాహకురాలు: ఈసారి ఆటవెలది. నాలుగో పాదం ఇచ్చాను, ముందు మూడూ మీరు పూరించండి. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ) లేదని కంగారు పడకండి, చీర–డూరు ప్రాసయతి ఉంది, అంటే మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలిశాయి.

తెనాలి తమ్ముడు:
పట్టు విడిచి చెట్టు పట్ట దాల్చెడి వేళఁ
గట్టు టెట్టు లనుచుఁ గాంచె సీత
సిగ్గు పడఁగఁ దాను చెంతఁ జేరి ముడిచి
చీరఁ గట్టె రాముఁ డూరు విడిచి

మాస్టారు: చాలా బాగుందయ్యా! అందరూ రాముడు తాను కట్టుకున్నాడనే చూస్తారు, నువ్వు సీతకు కట్టినట్టు తిప్పావు, అది వాల్మీకిలో ఉన్నదే. కానీ అక్కడ సీత పట్టు విడవలేదు, ఆ పట్టుబట్ట మీదే రాముడు నారచీర ముడివేశాడు. 'పట్టు మీఁదఁ జెట్టు' అను, గణాలు కూడా చెడవు. పైగా అది జరిగింది అయోధ్యలోనే కాబట్టి 'విడిచి' కంటే 'విడువ' అంటే నయం.

నిర్వాహకురాలు: ఒప్పుకుంటున్నాను మాస్టారూ, ఆ తప్పు నేనిచ్చిన పాదంలోదే. ఇకపై పూరించేవాళ్ళు 'విడువ' అని రాయండి.

గుంటూరు అక్క:
చీర యన్న మాట సింగార మని నేఁడు
నాఁడు చెట్టు తొడుగు నార కాదె
తండ్రి మాటకొఱకుఁ దరువు వల్కల మను
చీరఁ గట్టె రాముఁ డూరు విడువ

మాస్టారు: వల్కలమంటేనే చెట్టుపట్టతో చేసిన బట్ట కదమ్మా, ముందు మళ్ళీ తరువెందుకు? 'దరువు' తీసి 'దానె' పెట్టు, యతి నిలుస్తుంది. రెండో పాదం మాత్రం నాకు ఎంతో నచ్చింది. సంస్కృతంలో చీరమంటే పొడుగ్గా చీల్చిన పేలిక, అది బట్టదైనా సరే, చెట్టుపట్టదైనా సరే. పాత తెలుగులో మగవాళ్ళ బట్టనూ చీర అనేవారు. బెరడు అనకుండా నార అన్నావు చూడు, అదీ సరైన మాటే, ఎందుకంటే పైన ఎండి పెళుసుగా రాలేది బెరడు, దాని కింద పీచుగా సాగేది నార, గోగునార తీసేవాళ్ళను అడిగితే చేతిలో పెట్టి చూపిస్తారు.

హైదరాబాద్ మిత్రుడు: తమ్ముడి 'పట్ట దాల్చెడి' చూస్తే దాల్చినచెక్క గుర్తొచ్చింది. చెట్టు దాల్చింది కాబట్టే ఆ పేరా?

మాస్టారు: కాదు నాయనా, అది పారసీ దార్‌చీనీ. దార్ అంటే కర్ర, చీనీ అంటే చీనా దేశపుది. హిందీలో దాల్‌చీనీ అయి, మన నోట్లో పడేసరికి మనకు తెలిసిన 'దాల్చిన' అయింది. దాన్నే లవంగపట్ట అని కూడా అంటాం, అది లవంగం చెట్టు పట్ట కాకపోయినా.

తెనాలి తమ్ముడు: 'మీఁద' అని దిద్దుకున్నాను మాస్టారూ. సీత పట్టు సంగతి నాకు తట్టలేదు, ఈ రాత్రి అయోధ్యకాండ తీసి ఆ ఘట్టం మళ్ళీ చదువుతాను.

నిర్వాహకురాలు: వచ్చే వారానికి పాదం ఇదుగో, ఇదీ ఆటవెలదే: పండు మాని తొక్కఁ బట్టి తినిరి.